రిపోర్టు పంపే ముందు: బుజ్జికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న దీవెనలు.

పర్లాకిమిడి నర్సింగ్‌హోమ్‌లో కంప్యూటర్ పనంతా నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. కేసు ముదిరితే బరంపురానికో విశాఖకో రాస్తారు కదా, ఆ రిపోర్టులన్నీ ఇక నీ చేతి మీదుగానే వెళ్తాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లేటప్పుడు మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడేది టీఎల్‌ఎస్. అయితే అవతలి సర్వర్‌కి అది లేకపోతే చాలా సర్వర్లు మెయిల్‌ని ఆపవు, రక్షణ లేకుండానే పంపేస్తాయి. జీమెయిల్‌లో అయితే అలాంటప్పుడు ఎర్రరంగులో తెరిచి ఉన్న తాళం బొమ్మ కనిపిస్తుంది. అది కనబడితే పంపకు.

టీఎల్‌ఎస్ ఉన్నా దాని పని దారి వరకే. ఇన్‌బాక్స్‌లో పడ్డాక ఆ పాస్‌వర్డ్ తెలిసిన వాళ్లెవరైనా చదవొచ్చు. ఒకే ఐడీని ముగ్గురు నలుగురు వాడే ఆస్పత్రులు ఎన్ని లేవు! కాబట్టి రిపోర్టుకే తాళం వెయ్యాలి. మెయిల్‌కే తాళం వేసే పద్ధతులు ఎస్/మైమ్ గానీ పీజీపీ గానీ అయితే మేలు, ఎవరికి పంపావో వాళ్ల కీతో (కంప్యూటర్‌లో ఉండే తాళంచెవితో) తప్ప తెరుచుకోదు. దానికి రెండువైపులా ఏర్పాటు ఉండాలి. అది కుదిరేదాకా పీడీఎఫ్‌కి ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్‌తో పాస్‌వర్డ్ పెట్టు. ఆ పాస్‌వర్డ్ మాత్రం ఫోన్ చేసి చెప్పు. అదే మెయిల్‌లో రాస్తే తాళం వేసి చెవి తలుపుకే వేలాడదీసినట్టు. పుట్టినతేదీ, ఫోన్ నంబరు పెట్టొద్దు తల్లీ, అవి ఓపీ చీటీ మీదే ఉంటాయి.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. ఎస్/మైమ్, పీజీపీ వాడినా సబ్జెక్ట్ లైన్ మామూలుగా బయటికే కనిపిస్తుంది. అక్కడ రోగి పేరు, పక్కన హెచ్‌ఐవీ అని రాస్తే లోపల ఎంత కట్టుదిట్టం చేసి ఏం లాభం? కేసు నంబరు చాలు. పర్లాకిమిడిలో పొద్దున అన్న మాట మధ్యాహ్నానికి పక్కనున్న పాతపట్నంలో వినిపిస్తుంది. ఆ ఒక్క మాటతో పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి, ఉన్న పని ఊడుతుంది. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం కూడా రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదనే అంటుంది.

అడ్రస్ విషయంలోనూ జాగ్రత్త. రెండక్షరాలు కొట్టగానే మెయిల్ తనంతట తానే ఏదో పేరు నింపేస్తుంది. వేరేవాళ్లకి వెళ్లిన రిపోర్టుని ఏ టీఎల్‌ఎస్సూ వెనక్కి తేలేదు.

వెబ్‌సైట్‌లో రిపోర్టులు పెడుతుంటే ప్రతి పేజీ హెచ్‌టీటీపీఎస్‌లోనే, అంటే టీఎల్‌ఎస్ రక్షణతోనే తెరుచుకోవాలి. టీఎల్‌ఎస్ పాత వెర్షన్లు 1.0, 1.1 వాడొద్దని 2021లోనే తేల్చేశారు, సర్వర్‌లో వాటిని ఆపించు. 1.2, 1.3 ఉంటే చాలు. సైట్ మీదేనని బ్రౌజర్‌కి రుజువు చేసే సర్టిఫికెట్‌ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వాళ్లు ఉచితంగా ఇస్తారు, దాన్ని తనంతట తానే రెన్యూ అయ్యేలా పెట్టు. గడువు దాటితే బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది. సిస్టర్లు పని ఆగకూడదని దాన్ని దాటేసి వెళ్లడం అలవాటు చేసుకుంటారు. రేపు నిజంగా దొంగ సైట్ వచ్చినా అలాగే నొక్కేస్తారు. నాకు అన్నిటికంటే భయం ఆ అలవాటంటేనే.

ముందు మీ డాక్టరుగారితో మాట్లాడి ఎవరి ఐడీ వాళ్లకి చేయించు. సర్టిఫికెట్ దగ్గర ఏదైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న