ఒక్క మెతుకు పట్టి చూస్తే సరిపోని చదువు

ప్రశ్న: మేము చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. లెక్కలు, ఫిజిక్స్ బాగా చేస్తుంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పటి నుంచి తుపానులు నడిచే దారులను నోటుపుస్తకంలో గీస్తూ కూర్చుంటోంది. ఒకే తుపానుకు మా వీధిలో చెట్టు కూలింది, పక్క వీధిలో కొమ్మయినా విరగలేదు, ఎందుకని మమ్మల్ని విసిగిస్తోంది. ఆ గాలుల మీదే చదువుకుంటానంటోంది. వాళ్ల నాన్నగారు కంప్యూటర్ సైన్స్‌లో చేర్చాలంటున్నారు. గాలి లెక్కలు కూడు పెడతాయా?

జవాబు: అమ్మా, మిమ్మల్ని విసిగిస్తున్న ఆ ప్రశ్న మీదే జీతాలు తీసుకుని పనిచేసేవాళ్లున్నారు. అందుకని ముందు దాని సంగతే చెబుతాను, ఉద్యోగాల మాట తర్వాత.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. తుపాను అలా కాదు. 2016 డిసెంబర్ 12న వర్దా చెన్నై మీదికి వచ్చినప్పుడు నేను నగరంలోనే ఉన్నాను. ఉత్తరపు గాలికి మా ఎదురింటి వేపచెట్టు దక్షిణానికి వంగిపోయింది. కాసేపటికి గాలి ఉన్నట్టుండి ఆగింది. తుపాను పోయిందనుకుని జనం వీధిలోకి వచ్చారు. నిజానికి అప్పుడు మా నెత్తిన ఉన్నది తుపాను కన్ను, అంటే సుడి నడుమ గాలి దాదాపు ఉండని భాగం. అది దాటగానే గాలి దక్షిణం నుంచి తిరగబడింది. అప్పటికే వేళ్లు వదులైన చెట్టు ఈసారి ఉత్తరానికి ఒరిగి, కింద ఆపిన ఆటో మీద పడింది. కొన్ని గంటల తేడాతో ఒక్క చోటనే ఇన్ని రకాల గాలి!

దీన్ని లెక్కలోకి తేవడానికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్రెగ్ హాలండ్ 1980లో ఒక సూత్రం ఇచ్చారు. కేంద్రంలో పీడనం ఎంత పడిపోయింది, గరిష్ఠ గాలి కేంద్రానికి ఎంత దూరంలో ఉంది, ఆ దూరం దాటాక గాలి ఎంత నిటారుగా తగ్గుతుంది అన్నవి చెబితే, ఎక్కడ ఎంత గాలి ఉంటుందో ఆ సూత్రం చెబుతుంది. కన్నులో దాదాపు సున్నా, దాని చుట్టూ ఉండే మేఘాల గోడ దగ్గర గరిష్ఠం, అక్కడి నుంచి క్రమంగా తగ్గుదల. పీడనం ఒకేలా పడిపోయిన రెండు తుపానుల్లో కూడా గాలులు వేరుగా ఉండవచ్చు. పైగా తుపాను నడిచే వేగం ఒక పక్క సుడి వేగానికి తోడవుతుంది. మన తీరానికి తూర్పు నుంచి వచ్చేదానికి అది ఉత్తరం పక్క. నేల మీదికి వచ్చాక ఇళ్లు, చెట్లు, ఎత్తుపల్లాలు గాలిని మళ్లీ మార్చేస్తాయి.

ఇన్ని సవరణలు చేశాక కూడా లెక్కకూ కొలతకూ మధ్య తేడా మిగులుతుంది. మీ అమ్మాయి చేయాలనుకునే పని అక్కడే మొదలవుతుంది. పరీక్షల్లో చూడండి. దిద్దిన మాస్టారు కఠినుడైతే తరగతి మొత్తానికీ మార్కులు తగ్గుతాయి. అది కాక పిల్లకూ పిల్లకూ ఉండే తేడా వేరు. అలాగే ఒక తుపాను సూత్రం చెప్పినదానికంటే అన్ని చోట్లా గట్టిగా వీచవచ్చు. అది తుపానుకూ తుపానుకూ మధ్య తేడా. విల్లివాక్కంలో ఎక్కువ, అన్నానగర్‌లో తక్కువ వీచడం ఒకే తుపాను లోపలి తేడా. పక్కపక్క ప్రాంతాల తేడాలు ఒకదానితో ఒకటి ముడిపడి కూడా ఉంటాయి. వీటిని విడదీయడం గణాంకశాస్త్రం పని.

విడదీస్తే ఏమొస్తుందని మీవారు అడుగుతారు. నగరంలో పదివేల ఇళ్లకు బీమా ఇచ్చిన కంపెనీని తీసుకోండి. గాలి అంచనాలో తప్పు ఇంటికో రకంగా ఉంటే ఎక్కువ తక్కువలు కలిసి సర్దుకుంటాయి. తుపాను మొత్తం అంచనా దాటితే పదివేల ఇళ్లకూ ఒకేసారి చెల్లించాలి. గాలి వేగం పది శాతం పెరిగితే గోడ మీద గాలి ఒత్తిడి ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ ఒత్తిడి గాలి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అందుకే బీమా సంస్థలు, ఆ సంస్థలకే బీమా ఇచ్చే పునర్బీమా సంస్థలు ఈ లెక్కలు వచ్చినవాళ్లను తీసుకుంటాయి. స్విస్ రీ లాంటి సంస్థకు బెంగళూరులో పెద్ద కార్యాలయమే ఉంది.

భవనాల వైపు వెళ్లాలంటే సివిల్ ఇంజనీరింగ్ దారి. మన ప్రామాణిక నియమావళి ఐఎస్ 875 మూడో భాగం చెన్నైకి సెకనుకు 50 మీటర్ల గాలిని, బెంగళూరుకు 33 మీటర్లను ప్రాతిపదికగా పెట్టింది. మీకు దగ్గర్లోనే, తరమణిలోని నిర్మాణ పరిశోధన కేంద్రం ఎస్‌ఈఆర్‌సీలో, భవనాల నమూనాల మీద గాలి వదిలి పరీక్షించే గాలి సొరంగం ఉంది. వాతావరణం వైపు వెళ్లాలంటే ఫిజిక్స్ లేదా మ్యాథ్స్‌తో డిగ్రీ చేసి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాతావరణ శాస్త్ర విభాగానికో, ఆపైన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లోని వాతావరణ, సముద్ర శాస్త్రాల కేంద్రానికో ప్రయత్నించవచ్చు.

దాచకుండా చెబుతాను, ప్రభుత్వ పరిశోధన ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీ అంటే స్నేహితురాళ్లు కార్లు కొనే వయసులో ఈమె ఫెలోషిప్ మీద గడపడం. ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. వాళ్ల నాన్నగారు చెప్పేదాంట్లోనూ సగం నిజముంది. ప్రోగ్రామింగ్ రాకుండా ఈ రంగంలో ఒక్క రోజు నడవదు. కంప్యూటర్ సైన్స్‌లో చేరినా గణాంకాలు, గాలీ నీరూ ఎలా కదులుతాయో చెప్పే ప్రవాహ గతిశాస్త్రం వదలకపోతే తలుపు మూసుకుపోదు. వాతావరణం అనగానే టీవీలో వార్తలు చదివే ఉద్యోగమనుకునే బంధువుల మాట మాత్రం పట్టించుకోకండి.

చేర్చే ముందు ఒక పని చేయించండి. భారత వాతావరణ శాఖ తుపాను దారుల పట్టికలు ఉచితంగా ఇస్తుంది. వర్దా పట్టిక తీసుకుని, గరిష్ఠ గాలి దూరాన్ని ఒకసారి 20 కిలోమీటర్లు, ఒకసారి 40 అనుకుని, హాలండ్ సూత్రంతో విల్లివాక్కంలో గంటగంటకూ గాలి ఎంతో లెక్క కట్టమనండి. ఒక జాగ్రత్త: మనవాళ్లు మూడు నిమిషాల సగటు గాలిని చెబుతారు, అమెరికావాళ్లు ఒక నిమిషం సగటును చెబుతారు. ఆ రెండింటినీ కలిపేయడం కొత్తవాళ్లు అందరూ చేసే పొరపాటు. మూడు ఆదివారాలు ఈ పని మీద విసుగు లేకుండా కూర్చుంటే, ఆ కాగితాలు వాళ్ల నాన్నగారికి చూపించి నాకు మళ్లీ రాయండి.