గేదె తంతుంటే ముందు యంత్రాన్ని చూడండి

ప్రశ్న: మాకు పది ముర్రా గేదెలున్నాయి. ఏడాదిన్నర క్రితం ఒక క్లస్టర్ (ఒక గేదెకు తగిలించే నాలుగు కప్పుల సెట్టు) ఉన్న పాలు పితికే యంత్రం కొన్నాము. కొద్ది నెలలుగా పాలు ఆలస్యంగా దిగుతున్నాయంటే మెకానిక్ వచ్చి వ్యాక్యూమ్ (పాలను లాగే పీల్పు) పెంచి వెళ్లాడు. అప్పటి నుంచి కప్పులు తగిలించగానే గేదెలు తంతున్నాయి, రెండింటికి పొదుగువాపు వచ్చింది. కప్పుల లోపలి రబ్బరు లైనర్లు కొన్నప్పటివే. తడి నేల మీద నిలబడి యంత్రాన్ని ముట్టుకుంటే ఒక్కోసారి చేయి జివ్వుమంటోంది. మళ్లీ చేత్తోనే పితుక్కోమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: చేయి జివ్వుమంటోందన్న సంగతి మీరు చివర్లో రాశారు కానీ, అన్నిటికన్నా ముందు చూడవలసింది అదే. ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు ఇన్సులేషన్‌ను, ఎర్తింగ్‌ను పరీక్షించే దాకా ఆ యంత్రాన్ని ప్లగ్గులో పెట్టకండి. పనిలో పనిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కూడా బిగించమనండి. చెప్పులు వేసుకున్న మనిషికి తెలియని కొద్దిపాటి కరెంటు కూడా తడి నేల మీద నాలుగు కాళ్లూ ఆనించి నిలబడిన పశువుకు తెలుస్తుంది కనుక, మీ గేదెలు తన్నడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక వ్యాక్యూమ్ పెంచడం నా దృష్టిలో సరైన మందు కాదు. రబ్బరు లైనర్లను సాధారణంగా 2,500 పితుకుళ్లకు ఒకసారి మార్చాలని చెబుతారు. పది గేదెలను రెండు పూటలా ఒకే క్లస్టర్‌తో పితికితే రోజుకు 20 పితుకుళ్లవుతాయి, అంటే 125 రోజులకే, సుమారు నాలుగు నెలలకే, వాటి పని అయిపోతుంది. సాగిపోయిన రబ్బరు పూర్తిగా ముడుచుకోదు. అందువల్ల చన్నుకు మధ్యమధ్యలో దొరకవలసిన విశ్రాంతి దొరకదు, పాలూ నెమ్మదిస్తాయి. దానికి తోడు వ్యాక్యూమ్ పెరిగితే చనుమొన రంధ్రం చుట్టూ చర్మం వలయంలా గట్టిపడి, క్రిములు లోపలికి చేరడం సులువవుతుంది. కప్పులు తీయగానే చనుమొన నీలంగా కమిలినట్టు కనిపిస్తే అనుమానించవలసింది యంత్రాన్నే. నాలుగు లైనర్లనూ ఒకేసారి మార్చి, గేజ్ ముల్లును తయారీదారు సూచించిన అంకె దగ్గరికి తెప్పించండి. తర్వాత బొటనవేలు లైనర్‌లో పెట్టి చూస్తే సుమారు సెకనుకు ఒకసారి నొక్కి వదలడం స్పష్టంగా తెలియాలి. లేకపోతే ఆ నొక్కి వదలడాన్ని నడిపే పల్సేటర్‌ను విప్పి శుభ్రం చేయించాలి.

గేదె ఆవుకన్నా ఆలస్యంగా చేపుతుందన్నది మీకు తెలియనిది కాదు. పాలలో చాలా భాగం పొదుగు పైభాగంలోనే నిలిచి ఉంటుంది కాబట్టి, గోరువెచ్చని నీటితో కడిగి, కాసేపు మర్దన చేసి, చన్నులు నిండుగా సాగిన తర్వాతే కప్పులు తగిలించాలి. తీసేటప్పుడు కూడా ముందు వ్యాక్యూమ్ మూసి, అవి వాటంతటవే జారినప్పుడు అందుకోవాలి తప్ప లాగకూడదు.

కడగడంలో వరుస తప్పకూడదు. పితకడం అయిన వెంటనే గోరువెచ్చని నీరు పోయాలి, ఎందుకంటే మొదటే వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గొట్టాలకు అతుక్కుపోతాయి. ఆ తర్వాతే డిటర్జెంట్ కలిపిన వేడినీరు. పాలగార పోవడానికి అప్పుడప్పుడు వాడే యాసిడ్‌ను బ్లీచింగ్ ద్రావణంతో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. కరెంటు పోయింది కదా అని పంపు బెల్టు మీద చేయి వేయడం కూడా ప్రమాదమే. అది ఏ క్షణాన తిరిగి వస్తుందో చెప్పలేము కనుక ప్లగ్గు పీకాకే రేకు కవచం విప్పండి.

మీరు యంత్రాన్ని వదిలేయనక్కర్లేదు. పొదుగువాపు వచ్చిన రెండు గేదెలను మాత్రం పశువైద్యుడికి చూపించి, నయమయ్యే దాకా అన్నిటికన్నా చివర, వేరే పాత్రలోకి చేత్తో పితకండి. మందులు వాడినంత కాలం, ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలను కేంద్రానికి పోయకండి.