చలి లేని ఊళ్లో తక్కువ కరెంటుతో నడిచే ఇల్లు దండగా? గుంటూరులో కట్టుకుని ఉంటున్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: విజయవాడ దగ్గర పోరంకిలో 200 గజాల పడమర ముఖం సైటులో ఇల్లు మొదలుపెడుతున్నారు. జర్మనీ వాళ్ల పాసివ్ హౌస్, అంటే హీటరు, ఏసీలతో పెద్దగా పని లేకుండా కట్టే ఇంటి గురించి చదివారు. మనకు మంచు పడదు, చలికాలం అంటే ఒక దుప్పటి, అంతే. అలాంటప్పుడు గోడలకూ స్లాబుకూ అదనంగా డబ్బు పెట్టడం దండగ కదా, ఆ డబ్బుతో సోలార్ పెట్టుకుంటే సరిపోదా అని.

దండగ కాదండి. చలి లేదు కాబట్టే మనం తప్పకుండా చేయాలి అనేది నా మాట. గుంటూరు గోరంట్ల వైపు ఇలాగే ఇల్లు కట్టుకుని అందులోనే ఉంటున్నాను, కాబట్టి పుస్తకంలో చదివింది చెప్పడం లేదు.

ఆ జర్మన్ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చిందో చూస్తే విషయం అర్థమవుతుంది. మొదటి పాసివ్ హౌస్ 1991లో డార్మ్‌స్టాట్ ఊళ్లో కట్టారు. చదరపు మీటరుకు ఏడాది మొత్తానికి 15 యూనిట్ల వేడి చాలు అనేది వాళ్లు పెట్టుకున్న లెక్క. బయట మైనస్ 10 ఉన్నప్పుడు లోపల 20 ఉండాలంటే 30 డిగ్రీల తేడాను గోడలు ఆపాలి, అదీ నెలల తరబడి, రాత్రీ పగలూ. అందుకే వాళ్లకు అడుగు మందం ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర), మూడు పొరల గాజు, గాలి చొరబడని తలుపులు కావాల్సి వచ్చాయి. మన దగ్గర మే నెలలో బయట 43 ఉంటే, ఫ్యాను తిరుగుతూ లోపల 28, 29 ఉంటే హాయిగా పడుకోవచ్చు. అంటే తేడా వాళ్లదాంట్లో సగం. పైగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇల్లు తనంతట తానే బాగుంటుంది, మనం చేయాల్సిందేమీ లేదు. వాళ్లు ఎంతో ఖర్చు పెట్టి తెచ్చుకున్న సుఖం మనకు చాలా తక్కువలో వస్తుంది. అంత తేలిగ్గా దొరికేదాన్ని వదులుకుని, జీవితాంతం ఏసీ బిల్లు కట్టడమే అసలు దండగ.

ఇక మనకు వేడి ఎక్కడ నుంచి వస్తోంది అనేది చూడాలి. చాలామంది బయటి గాలి వేడి అనుకుంటారు, కానీ ఎక్కువ భాగం నేరుగా ఎండది. విజయవాడ, గుంటూరు 16 డిగ్రీల అక్షాంశం పైన ఉన్నాయి కాబట్టి మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. ఆ రెండు సార్ల మధ్య రోజుల్లో అయితే మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అంటే వేసవిలో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు, మొత్తం దెబ్బ డాబాకే. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద 900 నుంచి 1000 వాట్ల దాకా పడుతుంది. బూడిద రంగు సిమెంటు డాబా పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. ఆ వేడి స్లాబులో మెల్లగా దిగి కింది వైపుకు చేరేసరికి సాయంత్రం దాటుతుంది, అందుకే బయట చల్లబడ్డాక కూడా పై అంతస్తులో రాత్రి పన్నెండింటికి మంచం మీద నిలబడి సీలింగ్‌కు చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా తగులుతుంది. ఫ్యాను ఆ వేడినే కిందకు తోస్తుంది. ఏసీ వేసినా రాత్రంతా పోరాడేది ఆ స్లాబుతోనే, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు.

కాబట్టి డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు డాబా. మన దేశంలో ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ వచ్చింది, దాని ప్రకారం పైకప్పు గుండా వేడి ఎంత దిగుతుందో చెప్పే అంకె, అంటే యు విలువ (ఎంత తక్కువైతే అంత మంచిది), 1.2 దాటకూడదు. మామూలు స్లాబుకు అది 3 పైనే ఉంటుంది. నేను స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక రెండు అంగుళాల ఎక్స్‌పీఎస్ అనే ఇన్సులేషన్ షీట్లు పరిపించాను. అవి థర్మకోల్‌లా కనిపిస్తాయి గానీ గట్టిగా ఉంటాయి, మనిషి నడిచినా నొక్కుకోవు. షీట్ల మధ్య సందులకు టేపు వేసి, పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద మెష్‌తో సిమెంటు కాంక్రీటు, నీళ్లు పోయేలా వాటం, ఆ పైన తెల్ల టైల్స్. మా మేస్త్రీ మొదట్లో "స్లాబు మీద థర్మకోల్ ఏంటండీ, నలుగురూ నవ్వుతారు" అన్నాడు. ఆ తర్వాత రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటప్పుడు వచ్చి పై గదిలో నిలబడి, సీలింగ్ వంక చూస్తూ, ఇక్కడ ఏసీ ఆపి ఎంతసేపైందని అడిగాడు. అసలు వేయలేదు. ఈ పనితో ఆ స్లాబు యు విలువ 0.5 దగ్గరికి వస్తుంది, కోడ్ అడిగినదానిలో సగం కంటే తక్కువ.

ఫాల్స్ సీలింగ్ వేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. కొంత పనిచేస్తుంది, కానీ స్లాబు మాత్రం ఎండకు కాలుతూనే ఉంటుంది, వ్యాకోచం సంకోచంతో పగుళ్లు వస్తాయి, వానాకాలంలో ఉరుస్తుంది. వేడిని స్లాబు పైనే ఆపితే ఇంటికీ మంచిది, స్లాబుకూ మంచిది. ఇప్పటికే కట్టేసిన ఇల్లు ఉన్నవాళ్లు ఇదంతా చేయలేకపోతే, ఉగాది లోపు డాబాకు తెల్లగా సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేసుకున్నా తేడా కచ్చితంగా తెలుస్తుంది. తెలుపు ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. దుమ్ము పడితే మళ్లీ కడుక్కోవాలి, అంతే.

రెండోది పడమర. మీ సైటు పడమర ముఖం కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా సూర్యుడు కిందికి వాలి నేరుగా గోడకూ కిటికీకీ కొడతాడు. కిటికీ పైన అడుగున్నర సన్‌షేడ్ వేసి ఎండ ఆగుతుంది అనుకుంటారు, అది దక్షిణం వైపు కిటికీకి పనికొస్తుంది గానీ పడమట ఏటవాలుగా వచ్చే ఎండను ఆపలేదు. నిలువు రెక్కలు ఉండాలి, లేదా కిటికీ బయట వెదురు తడిక కట్టాలి. లోపల మందంగా కర్టెన్ వేస్తే చీకటి అవుతుంది గానీ వేడి అప్పటికే గాజు దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. మా తాతగారింట్లో వసారాకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు, ఆ పెద్దవాళ్లు వేడిని గడప బయటే ఆపారు. మనం లోపలికి రానిచ్చి మెషీన్ పెట్టి బయటకు తోడుతున్నాం.

ఇక్కడ వాస్తు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర వాస్తు లేకుండా ప్లాన్ కదలదు, నేనూ పాటించాను. ఉత్తరం, తూర్పు వైపు ఎక్కువ ఖాళీ, ఎక్కువ కిటికీలు అనేది ఎండ లెక్క ప్రకారం మన ఊళ్లకు బాగానే కుదురుతుంది. ఇబ్బందల్లా నైరుతిలో పెద్ద బెడ్‌రూమ్. సాయంత్రం ఎండ మొత్తం ఆ గది గోడకే, సరిగ్గా మనం పడుకునే వేళకు ఆ వేడి లోపలికి చేరుతుంది. గది మార్చక్కర్లేదు. ఆ పడమర గోడ పొడవునా వార్డ్‌రోబ్ పెట్టించండి, గోడ బయట తెల్ల రంగు వేయించండి, కిటికీని దక్షిణం వైపు పెట్టుకోండి. మెట్లు, పోర్టికో, స్టోర్ లాంటివి పడమర వైపుకు వెళ్తే అవే ఇంటికి గొడుగు పడతాయి.

గోడలకు నేను లైట్ వెయిట్ బ్లాకులు, అదే ఏఏసీ బ్లాకులు వాడాను. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడతో పోలిస్తే ఎనిమిది అంగుళాల బ్లాకు గోడ నుంచి వేడి సగం కూడా దిగదు. చికాకులు లేకపోలేదు: పిల్లర్ కలిసే చోట చికెన్ మెష్ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే సన్నగా నెర్రెలు వస్తాయి, గీజరు లాంటి బరువులకు మామూలు మేకులు ఆగవు, దానికి వేరే యాంకర్లు తెచ్చుకోవాలి. పని తెలిసిన మేస్త్రీ దొరికితే ఇవేమీ పెద్ద సమస్యలు కావు. బడ్జెట్ తక్కువైతే పడమర, తూర్పు గోడల వరకే బ్లాకులు పెట్టి మిగతావి ఇటుకతో కట్టుకున్నా మేలే.

గాలి విషయంలో మాత్రం జర్మన్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోకండి. వాళ్లు ఇల్లంతా సీల్ చేస్తారు. మనకు సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి ఉంది, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి? మా ఇంట్లో మే నెలలో పొద్దున ఎనిమిది, తొమ్మిదికల్లా కిటికీలు మూసేస్తాం, వడగాడ్పు తగ్గి బయట చల్లబడ్డాక అన్నీ తెరిచేస్తాం, ఆగ్నేయం వైపు కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉంది కాబట్టి గాలి ఇల్లంతా తిరుగుతుంది. ఎకో నివాస్ కోడ్‌లో కూడా ఉక్కపోత ప్రాంతాలకు తెరుచుకునే కిటికీలు, తలుపుల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో ఆరో వంతు ఉండాలని ఉంది. స్లైడింగ్ కిటికీ అయితే సగమే తెరుచుకుంటుందని మర్చిపోకండి, రెక్కల కిటికీలే నయం. ఏసీ ఉన్న గది ఒక్కదానికి మాత్రం సందులు బాగా మూయండి, ముఖ్యంగా తలుపు కింద, ఏసీ పైపు గోడలోంచి వెళ్లే రంధ్రం దగ్గర. మన ఉక్కలో ఆ సందుల్లోంచి వచ్చే తేమను తీయడానికే ఏసీ చాలా కరెంటు తింటుంది.

ఇక సోలార్. తప్పకుండా పెట్టండి, కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, ప్యానెళ్ల నీడ డాబాకు కూడా మంచిది. కానీ అది ఇలా కట్టిన ఇంటికి బదులు కాదు. ప్యానెల్ పగలు కరెంటు ఇస్తుంది, మన ఏసీ తిరిగేది రాత్రి. గ్రిడ్‌కు ఇచ్చి పుచ్చుకోవడంతో బిల్లు సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ కరెంటు పోతే బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది, లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అది అలాగే తయారుచేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా బంధువులు పై అంతస్తులో కరెంటు లేకుండా రోజుల తరబడి గడిపారు. పసిపిల్ల, ముసలాయన, ఆ ఉక్క. బయట నీళ్లు, లోపల స్లాబు వేడి. కరెంటు లేకపోయినా మనుషులు ఉండగలిగేలా ఇల్లు ఉండాలి అని నేను గట్టిగా అనేది అందుకే. ఇది బిల్లు గురించి మాత్రమే కాదు, బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఎండాకాలం రాత్రి నిద్ర ఎంత పెద్ద విషయమో అందరికీ తెలుసు.

బిల్లు సంగతికి వస్తే, వాడకం పెరిగేకొద్దీ మనకు యూనిట్ రేటు కూడా పెరుగుతుందని గుర్తు పెట్టుకోండి. 2022లో వచ్చిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 400 దాటితే యూనిట్ 9.75. అంటే ఇల్లు ఆదా చేసే యూనిట్లు అడుగునున్న చౌక యూనిట్లు కావు, పైనున్న ఖరీదైనవే. వాటికి తోడు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకుంటే 75 వాట్ల చోట 30 వాట్లతో పోతుంది, మన ఇళ్లలో ఫ్యాను ఆగేదే లేదు కాబట్టి అది కూడా చిన్న విషయం కాదు.

మా చెల్లెలు బెంగళూరులో ఉంటుంది, అక్కడైతే ఈ వాదన ఇంకా బలం. ఆ వాతావరణంలో సరైన దిక్కుకు కిటికీలు, నీడ, తెల్ల డాబా ఉంటే ఏసీ అన్నమాటే అక్కర్లేదు. అయినా పడమటికి నిలువెత్తు గాజు పెట్టిన అపార్ట్‌మెంట్లలో అక్కడా ఏసీలు తిరుగుతున్నాయి. ఊరు చల్లగా ఉన్నంత మాత్రాన ఇల్లు చల్లగా ఉండదు, కట్టిన తీరు కూడా చూడాలి.

ఖర్చు మాటకు వస్తే, మా వీధిలో ఎలివేషన్ గాజుకు, గ్రానైట్ మెట్లకు పెడుతున్నదాంతో పోలిస్తే డాబా ఇన్సులేషన్ చిన్న మొత్తం. పైగా ఏసీలు తక్కువ టన్నులవి సరిపోతాయి. గ్రానైట్ పదేళ్ల తర్వాత కూడా మార్చుకోవచ్చు, గోడల మందం మార్చలేం.

మీరు వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ఇంజనీరు డ్రాయింగులు ఖరారు చేసేలోపే డాబా మీద షీట్లు, కాంక్రీటు, టైల్స్ కలిపి అయిదారు అంగుళాలు లేస్తుందని, దాని బరువు కూడా లెక్కలో వేసుకోవాలని చెప్పండి. పిట్టగోడ ఎత్తు, వాన నీళ్ల పైపుల లెవెల్, మెట్ల గది గడప ఎత్తు అప్పుడే సరిచేసుకోవాలి, స్లాబు పడ్డాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. షీట్లు కొనేటప్పుడు డెన్సిటీ, నొక్కుడుకు ఎంత ఆగుతుంది అనే వివరాలు రాసి ఉన్న కంపెనీ కాగితం అడిగి తీసుకోండి, ఆ పేరుతో ప్యాకింగ్ థర్మకోల్ అంటగట్టే షాపులు కూడా ఉన్నాయి.