అమెరికా అంతర్యుద్ధంలో కాలిఫోర్నియా సైనికులు నిజంగా పోరాడారా?

పోరాడారు, కానీ చాలామంది తూర్పున జరిగిన పెద్ద యుద్ధాలను కంటితో కూడా చూడలేదు. ఆ రాష్ట్రం నుంచి 15 వేలకు పైగా మంది ఉత్తరాది (యూనియన్) సైన్యంలో స్వచ్ఛందంగా చేరారు. ఖండం దాటే రైలుమార్గం 1869లో గానీ పూర్తి కాలేదు కాబట్టి, అంతమందిని తూర్పుకు తరలించడం తలకు మించిన పని. పడమటనే దారులు, కోటలు కాపాడమన్నారు.

1862లో కర్నల్ కార్ల్‌టన్ నాయకత్వంలో సుమారు 2,350 మంది ఎడారి దాటి రియో గ్రాండే నది దాకా నడిచారు. శత్రువులైన దక్షిణాది సైనికులకంటే దాహమే పెద్ద గండం. బావుల్లో మళ్లీ నీరూరాలి కదా! అందుకే సేనను చిన్న జట్లుగా విడదీసి, ఒకదాని వెనక ఒకటిగా ఎడంతో పంపాడు.

వీరగాథల్లో దాటేసే సంగతి ఒకటుంది: 1863 జనవరి 29న ఇప్పటి ఐడహో రాష్ట్రంలో బేర్ నది ఒడ్డున షోషోనీ అనే స్థానిక అమెరికన్ తెగవారిని వందలాదిగా ఊచకోత కోసిందీ కాలిఫోర్నియా దళాలే.

తూర్పున పోరాడాలని పట్టుబట్టినవారు మాత్రం తూర్పు తీరంలోని మసాచుసెట్స్ రాష్ట్రం లెక్కలో చేరారు. ఆ రాష్ట్రానికి తన వంతు సైనికుల సంఖ్య నిండాలి. వీరికి ప్రయాణ ఖర్చు కావాలి. అలా ఇద్దరి అవసరమూ తీరింది. మొదటి వందమంది 1862 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడెక్కి, పనామా మీదుగా బోస్టన్ చేరి, తర్వాత వర్జీనియాలో గుర్రాలపై పోరాడారు.