హిందీ రాని ఊళ్లో మహాభారతం

చిన్నప్పుడు టీవీలో చూసినవి ఇప్పుడు మళ్లీ చూస్తే అప్పటి ఆనందం దొరుకుతుందా అని అడిగారు. నాకైతే దొరకలేదు. కానీ చూడబట్టి ఇంకో సంగతి బయటపడింది.

మాది తెనాలి దగ్గర పల్లె. 1988లో నాకు తొమ్మిదేళ్లు. ఊరి మొత్తానికి టీవీలు మూడో నాలుగో ఉండేవి. మేం చూసేది పెదనాన్నగారింట్లో. తలుపులున్న చెక్కపెట్టెలో బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆ ఏడాది అక్టోబరు 2న దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా మహాభారతం మొదలైంది. ఆదివారం పొద్దున వరండాలో కాలు పెట్టే చోటుండేది కాదు. యాంటెన్నా తిప్పే పని మా అన్నయ్యది. "వచ్చిందా?" అని డాబా మీంచి వాడు, "పోయింది, ఇందాకటి దగ్గరే ఉంచు!" అని కింద నుంచి మేము. పాపం, వాడు సగం భారతం విన్నాడే కానీ చూడలేదు. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసుకొచ్చేవాళ్లు.

అసలు చిక్కు భాషతో. మాలో హిందీ వచ్చింది హైస్కూలు హిందీ మాస్టారొక్కరికే. అందుకే అందరం చాపల మీద, ఆయన మాత్రం టీవీ పక్కన కుర్చీలో. మొదట్లో వచ్చే ఆ గంభీరమైన గొంతు వినపడగానే "నేను కాలాన్ని అంటున్నాడు" అని అందుకునేవారు. తెర మీద మనిషి ఒక్క ముక్క అంటే మాస్టారు మూడు చెప్పేవారు. అంత తక్కువ మాటల్లో అంత అర్థమా, హిందీ ఎంత గొప్ప భాషో అనుకునేవాణ్ణి!

తర్వాత ఉద్యోగరీత్యా నాగపూర్‌లో ఆరేళ్లున్నాను, హిందీ బాగానే వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే డీడీ భారతిలో మహాభారతం మళ్లీ వేశారు. మా పిల్లలు పది నిమిషాలు కూర్చుని లేచిపోయారు. నిజం చెప్పాలంటే నాక్కూడా సాగదీసినట్టే అనిపించింది. అయినా రాయబారం కోసం ఆగాను. అందులో కృష్ణుడు దుర్యోధనుడితో "ఐదూళ్లు ఇవ్వనంటున్నావు, రేపు నీ పేరు పెట్టుకునే ఊరు ఒక్కటైనా ఉంటుందా?" అంటాడని ముప్పయ్యేళ్లుగా అందరికీ చెప్తున్నాను మరి.

ఆ మాటే లేదు.

జూదం ఘట్టం యూట్యూబ్‌లో వెతికాను. "ఓడినవాడే ఇంకో ఆట అంటాడు" అని శకుని అనాలి. అదీ లేదు. ఆ సీరియల్‌కి సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా. మా వరండాకి మాత్రం మాస్టారు రాశారన్నమాట. ఆయన కుర్రతనంలో నాటకాలు వేసేవారు. తెనాలి చుట్టుపక్కల అది వింతేం కాదు. రాయబారం పద్యాలు విని విని పెరిగిన మనిషి, ఎదురుగా అంతమంది జనం. ఊరుకోగలరా?

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఆశ్చర్యపోతుందని. నవ్వింది.

"ఆ శకుని మాట మీ బాబాయ్ కోసం అన్నదిరా. అప్పట్లో పేకాటలో ఎకరం పోగొట్టుకుని కూర్చున్నాడుగా, ఆ మాట పడగానే తల దించేశాడు."

"అయితే నీకు అప్పుడే తెలుసా?"

"హిందీ రాకపోతే మాత్రం, వాడి పెదాలు ఎంతసేపు కదిలాయో కనపడదంట్రా?"