జీన్ టెస్టు కన్నా ముందు చేయాల్సినవి

చిరంజీవి శ్రీనుకి, మీ మేనమామ ఆశీస్సులు.

మీ నాన్నకీ, బాబాయికీ లివర్ క్యాన్సరే వచ్చింది గనక జీన్ టెస్టు చేయించుకుంటానన్నావు. ఆ డబ్బు ముందు హెపటైటిస్ బి పరీక్షలకు పెట్టు అల్లుడూ. అన్నదమ్ములిద్దరికీ ఈ జబ్బు వస్తే వంశంలో ఉందనుకుంటాం గానీ, కాన్పులో తల్లి నుంచి బిడ్డలకు అంటిన వైరస్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా), యాంటీ హెచ్‌బీసీ టోటల్ (ఎప్పుడైనా సోకిందా), యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఉందా) మూడూ ఒకేసారి రాయించుకో. మూడూ నెగటివ్ అయితే టీకా వేయించుకో: వెంటనే ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇక ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు. ఎల్ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) నార్మల్ ఉందని ధీమా పడకు. ఈ వైరస్ ఉంటే సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) రాకుండానే క్యాన్సర్ రావచ్చు.

ఇక మీ వేరుశనగ సంగతి. పంట చివర్లో బెట్ట తగిలితే కాయ భూమిలో ఉండగానే బూజు పడుతుంది. ఆ బూజు చేసే విషమే అఫ్లటాక్సిన్. దాన్ని లివరే మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది డీఎన్ఏకి అతుక్కుని, పీ53 అనే కాపలా జీన్‌లో 249వ స్థానాన్ని చెడగొడుతుంది. ఆ విషాన్ని విరిచే ఎంజైముల్లో ఒకదాని జీన్, జీఎస్‌టీఎం1, కొందరికి పుట్టుకతోనే ఉండదు. 1990లలో షాంఘై మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో లివర్ క్యాన్సర్ ముప్పు అఫ్లటాక్సిన్ ఒక్కటే తగిలినవాళ్లకు 3 రెట్లు పైన, బి వైరస్ ఒక్కటే ఉన్నవాళ్లకు 7 రెట్లు, రెండూ కలిస్తే దాదాపు 60 రెట్లు తేలింది.

కాబట్టి కాయను పీకిన వెంటనే ఆరబెట్టు, గింజలో తేమ 8 శాతం లోపుకి దిగాకే బస్తాకెత్తు. బస్తాలు నేలమీద కాకుండా చెక్కల మీద పేర్చు. ముడతపడ్డవి, రంగు మారినవి, పుచ్చువి ఏరి పారెయ్. వేయించినా ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. గానుగ నూనెకి నాసిరకం గింజలు పంపడం మన ఊళ్లలో మామూలే, అది మానెయ్. గేదెకి పెట్టినా పాలల్లోకి వస్తుంది.

నీ ఫ్యాటీ లివర్‌కి పీఎన్‌పీఎల్ఏ3 జీన్‌లో ఒక మార్పు కారణం కావచ్చు. అది ఉన్నవాళ్ల లివర్ కొవ్వును తేలిగ్గా వదలదు. బొజ్జ పెరిగేకొద్దీ ఆ జీన్ దెబ్బ కూడా పెరుగుతుంది. టెస్టులో ఉందని తేలినా నీకు చెప్పేది ఇదే: 80 కిలోలున్నావు, ఆరు నెలల్లో 6 నుంచి 8 కిలోలు తగ్గు. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచు. కూల్‌డ్రింకులు, మందు పూర్తిగా బంద్. చక్కెర లేని కాఫీ తాగొచ్చు. ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గకు, లివర్ ఇంకా వాస్తుంది.

లివర్‌లో మచ్చ ఎంతుందో ఇంట్లోనే సుమారుగా లెక్కేసుకో. వయసును ఏఎస్‌టీతో గుణించు (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రెండూ రక్తపరీక్షలో వచ్చే లివర్ ఎంజైములు). దాన్ని ప్లేట్‌లెట్లు (వేలల్లో), ఏఎల్‌టీ వర్గమూలం గుణించిన సంఖ్యతో భాగించు. నీకు 45 ఏళ్లు, ఏఎస్‌టీ 60, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు: 2700ని 1200తో భాగిస్తే 2.25. 1.3 దాటింది గనక ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) కావాలి. దానికి మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకు.

మీ మామ