యాసిడ్‌లో నీళ్లా, నీళ్లల్లో యాసిడా?

ప్రశ్న: మా వీధి చివర బ్యాటరీ షాపులో కుర్రాడు ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పెట్టుకుని యాసిడ్ కొంచెం కొంచెంగా పోస్తున్నాడండి. పొయ్యీ లేదు ఏమీ లేదు, అడ్డంగా ఉందని బకెట్ జరపబోతే చెయ్యి చుర్రుమంది! అంత వేడి ఎక్కడిది? నిమ్మరసం కూడా యాసిడే కదా, నీళ్లల్లో పిండితే గ్లాసు వేడెక్కదేం? ఇంకోటి, యాసిడ్ ఒంటి మీద పడితే వంటసోడా రాయమంటారు, రాయొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఒక మాటండీ, ఇంకెప్పుడూ ఆ బకెట్ దగ్గరకి వెళ్లకండి.

అది సల్ఫ్యూరిక్ యాసిడ్. దానికి నీళ్లంటే విపరీతమైన ఆశ, నీళ్లు తగలగానే తన హైడ్రోజన్‌ని వాటికి అంటగట్టేస్తుంది, అలా కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు వచ్చే శక్తే మీ చేతికి తగిలిన వేడి. లీటరు నీళ్లల్లో 100 గ్రాములు, అంటే పావు గ్లాసు యాసిడ్ పోస్తేనే 15 డిగ్రీల పైన పెరుగుతుంది, ఇక బ్యాటరీకి కావాల్సినంత చిక్కగా, మూడో వంతుకి పైగా యాసిడ్ ఉండేలా ఒక్కసారే కలిపేస్తే మరిగేదాకా పోతుంది. ఆ కుర్రాడు కొంచెం కొంచెంగా పోసింది అందుకే, పని తెలిసినవాడే.

తిరగేసి పోస్తే మాత్రం ప్రమాదం. యాసిడ్ నీళ్లకంటే 1.84 రెట్లు బరువు, దాని మీద నీళ్లు పోస్తే అవి పైనే తేలుతాయి, వేడంతా ఆ పల్చటి పొరలోనే పుడుతుంది, నీళ్లు మరిగేది 100 డిగ్రీలకి, చిక్కటి యాసిడ్ మరిగేది 330 డిగ్రీలు దాటాక, కాబట్టి నీళ్లు ఠపీమని ఆవిరై పక్కనున్న యాసిడ్‌ని మొహం మీదకి చిమ్ముతాయి. అదే యాసిడ్‌ని నీళ్లల్లో పోస్తే బరువుకి కిందకి దిగుతూ కలుస్తుంది, వేడి బకెట్ అంతా పంచుకుంటుంది. నీళ్లల్లోనే యాసిడ్ పోయాలి, ఇది మాత్రం పిల్లలకి కూడా తప్పకుండా చెప్పండి.

నిమ్మకాయ సంగతి వేరు. ఆ రసంలో ఉన్నదే ఎక్కువ నీళ్లు, యాసిడ్ నూటికి ఐదారు వంతులే, పైగా బలహీనమైనది. ఇంకా ముచ్చటేంటంటే కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే నిమ్మరసంలో ఉండే సిట్రిక్ యాసిడే పలుకులుగా, రెండు చెంచాలు అరగ్లాసు నీళ్లల్లో వేసి కలిపి చూడండి, గ్లాసు కాస్త చల్లబడుతుంది! ఆ పలుకులు విడిపోవడానికి చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటాయి. యాసిడ్ అనగానే వేడి అని లెక్కేసుకోకూడదు, ఏ యాసిడ్, ఎంత చిక్కన అన్నది చూడాలి.

ఇక వంటసోడా, వద్దండీ. యాసిడ్‌కి విరుగుడు వేస్తే ఆ రియాక్షన్‌లో కూడా వేడి పుట్టొచ్చు, సున్నం లాంటి ఘాటువైతే చాలా ఎక్కువ పుడుతుంది, అసలే కాలిన చర్మం మీద అదంతా ఎందుకు? పైగా సోడా డబ్బా వెతికేలోపు యాసిడ్ లోపలికి దిగిపోతుంది. తడిసిన బట్టలు వెంటనే విప్పేసి కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. తడిగుడ్డతో తుడిస్తే చాలదు, కొద్ది నీళ్లు తగిలితే వేడే పుడుతుంది, ధారగా పారే నీళ్లయితే ఆ వేడినీ యాసిడ్‌నీ రెండింటినీ పట్టుకుపోతాయి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత ఆసుపత్రికి.

అన్నట్టు, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, దాని బ్యాటరీలో ద్రవం లెవెల్ తగ్గిందని ఎవరైనా యాసిడ్ పోస్తానంటే ఒప్పుకోకండి. చార్జింగ్‌లో తగ్గేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ పోయిస్తే సరిపోతుంది.